మూడు చోట్ల మూడు అప్‌టైమ్ శాతాలు వస్తున్నాయి: జూలై సర్వర్ లాగుల నుంచి సరైన లెక్క తీయడమెలా?

ప్రశ్న | ఉప్పుటేరు_అడ్మిన్

భీమవరంలో ఉన్న సర్వర్‌కి 2025 జూలై అప్‌టైమ్ (సర్వీసు పనిచేస్తూ ఉన్న సమయం) నివేదిక ఇవ్వాలండి. ఒకే నెలకి మూడు రకాల అంకెలు వస్తున్నాయి. ముందు ఏర్పాటు ఎలా ఉందో చెబుతాను.

కాళ్ల, ఆకివీడు, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద 40 గేట్‌వేలు ఉన్నాయి. ఒక్కోటీ నీటిలో ఆక్సిజన్, ఉష్ణోగ్రత, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తీసుకుంటున్న కరెంటు రీడింగులని నిమిషానికోసారి సిమ్ మీద సర్వర్‌కి పంపుతుంది. సర్వర్‌లో రెండు వర్చువల్ మిషన్లున్నాయి. ఒకదాంట్లో డేటా రిసీవర్ సర్వీసు, రెండోదాంట్లో డేటాబేస్. రెండూ పనిచేస్తేనే ఆక్సిజన్ పడిపోయినప్పుడు రైతు ఫోనుకి అలారం వెళ్తుంది.

మానిటరింగ్‌కి పాలకొల్లు ఆఫీసులో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (కింద ఉత్త "పై" అంటే ఇదే) మీద నేగియోస్ అనే మానిటరింగ్ ప్రోగ్రామ్ నడుస్తోంది. చెక్ 5 నిమిషాలకోసారి. ఫెయిలైతే నిమిషం తేడాతో మళ్లీ చూస్తుంది. మూడోసారి కూడా ఫెయిలైతే హార్డ్ స్టేట్, అంటే డౌన్ ఖాయమైనట్టు; అంతకుముందువి సాఫ్ట్ స్టేట్. ఇది కాక సర్వర్‌లోనే ప్రొమీథియస్ అనే ఇంకో మానిటరింగ్ ప్రోగ్రామ్ కూడా ఉంది, డిఫాల్ట్ సెట్టింగులతో.

ఒప్పందంలో ఉన్నది నెలకి 99.5 శాతం. ముందుగా తెలియజేసిన మెయింటెనెన్స్ సమయం లెక్కలోకి రాదు. జూలైలో జరిగినవి, మన టైమ్ ప్రకారం:

4వ తేదీ: రిసీవర్ డౌన్, 02:08 నుంచి 03:25 వరకు.
9వ తేదీ రాత్రి: పాలకొల్లులో ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయి పై ఆగిపోయింది. లాగులో (జరిగినవి టైమ్‌తో సహా రాసుకునే ఫైలు) ఆఖరి లైను 22:40. మళ్లీ మొదలైంది 10వ తేదీ 05:10కి.
13వ తేదీ: మెయింటెనెన్స్ అని చెప్పింది 01:00 నుంచి 03:00. సర్వీసు నిజంగా లేనిది 01:15 నుంచి 03:22.
18వ తేదీ: పాలకొల్లు వైపు ఫైబర్ తెగింది. 11:05 నుంచి 13:35 వరకు అన్నీ క్రిటికల్.
22వ తేదీ: రిసీవర్ 04:00 నుంచి 04:52, డేటాబేస్ 04:05 నుంచి 05:02.

నేగియోస్ అవైలబిలిటీ పేజీలో రిసీవర్‌కి 99.10 వస్తోంది. నేను రాసిన ఆక్ స్క్రిప్టు (లాగు లైన్లు చదివి కూడే చిన్న ప్రోగ్రామ్) 98.09 అంటోంది. ప్రొమీథియస్‌లో అప్ మెట్రిక్‌కి (సర్వీసు అందితే 1, లేకపోతే 0) 30 రోజుల సగటు తీస్తే 99.77. వీటిలో ఏది పెట్టాలండి?

──────

జవాబు 1 | గౌతమి_ఎన్‌ఓసీ

మూడూ పెట్టొద్దండి. ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతోంది, మీ ఒప్పందం అడిగిన ప్రశ్నకి మాత్రం ఒక్కటీ చెప్పడం లేదు. అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ముందు విప్పి చూద్దాం.

ప్రొమీథియస్ 99.77. డిఫాల్ట్‌గా అది 15 రోజుల డేటానే ఉంచుకుంటుంది. మీరు 30 రోజులు అని అడిగినా ఉన్న శాంపిళ్లకే సగటు కడుతుంది, లేని రోజుల గురించి నోరెత్తదు. కాబట్టి 4, 9, 13 తేదీలు అందులో లేనే లేవు. సర్వర్‌లోనే కూర్చుంది కాబట్టి 18వ తేదీ ఫైబర్ సంగతీ దానికి తెలియదు. మిగిలింది 22వ తేదీన రిసీవర్ పోయినది ఒక్కటే. 15 రోజులంటే 21,600 నిమిషాలు, వాటిలో 49 నిమిషాలు పోతే 99.77 వస్తుంది, మీ అంకె అదే (నేగియోస్ చెప్పిన 52కి తేడా దాని 5 నిమిషాల చెక్ వల్ల కావచ్చు). ఇంకో మాట. అప్ అనే మెట్రిక్ చెప్పేది "మెట్రిక్స్ పేజీ అందింది" అని మాత్రమే. ప్రాసెస్ బతికే ఉండి గేట్‌వేల ప్రతి రిక్వెస్టుకీ 500 ఎర్రర్ ఇస్తున్నా, ఆ పేజీ అందుతున్నంత కాలం అప్ విలువ 1గానే ఉంటుంది. సర్వీసు అప్‌టైమ్ కావాలంటే బయటి మిషన్ మీద బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ (బయటి నుంచి రిక్వెస్టు పంపి చూసే ప్రోగ్రామ్) పెట్టి ప్రోబ్ సక్సెస్, అంటే ఆ పరీక్ష పాసైందా అనే అంకె తీసుకోవాలి. దాని పక్కనే కౌంట్ ఓవర్ టైమ్ కూడా వేసి, రావాల్సిన శాంపిళ్లు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని చూడాలి.

నేగియోస్ 99.10. అది రిసీవర్ ఒక్కదాన్నే చూసింది, హార్డ్ స్టేట్ నుంచే లెక్కపెట్టింది. పై ఆగిపోయిన 390 నిమిషాలనీ "అంతకుముందు ఓకే కదా, అలాగే ఉండి ఉంటుంది" అనుకుని అప్‌లో కలిపేసింది. ఆ పేజీలో ప్రోగ్రామ్ ఆగిన సమయంలో పాత స్టేట్‌నే ఊహించుకోమనే ఆప్షన్ ఉంటుంది, చూడండి. 75, 125, 150, 50 కలిపితే 400 నిమిషాలు. నెల 44,640 నిమిషాలు. 99.10 సరిపోయింది.

మీ స్క్రిప్టు 98.09. 77, 390, 127, 150, 109, మొత్తం 853. ఇక్కడ తప్పులు మూడు. తెలియని 390ని డౌన్ అనేసింది. మెయింటెనెన్స్‌ని తీసివేయలేదు. 22వ తేదీన 52, 57 రెండూ కూడేసింది, అవి ఒకదాని మీద ఒకటి పడిన సమయాలు. 04:00 నుంచి 05:02 వరకు గడిచింది 62 నిమిషాలే కదా.

ఇక లెక్క కట్టే పద్ధతి.

మొదట నెల హద్దులు సెకన్లలో రాసుకోండి. జూలై 1, మన అర్ధరాత్రి అంటే ఎపాక్‌లో (1970 మొదటి నుంచి గడిచిన సెకన్ల లెక్క) 1751308200. ఆగస్టు 1 అర్ధరాత్రి 1753986600. తేడా 26,78,400 సెకన్లు, అంటే 44,640 నిమిషాలు. మిషన్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైమ్) ఉంటే దాని "జూలై 1" మనకి తెల్లవారి 05:30కి మొదలవుతుంది. లాగు ఫైలు మారేది కూడా అప్పుడే. అందుకే ఫైలు పేరులోని తేదీని నమ్మి నెలని విడగొట్టకండి, లైను మొదట్లో ఉండే ఎపాక్ అంకెనే పట్టుకోండి.

తర్వాత జూలై 1 అర్ధరాత్రికి స్టేట్ ఏమిటో తెలుసుకోవాలి. నేగియోస్ రాసేది స్టేట్ మారినప్పుడే. రోజువారీ రొటేషన్ (రోజుకో కొత్త లాగు ఫైలు) పెట్టుకుంటే కొత్త ఫైలు మొదట్లో "కరెంట్ సర్వీస్ స్టేట్" లైన్లు పడతాయి, అవి ఆధారం. అవి లేకపోతే జూన్ ఫైళ్లలో వెనక్కి వెళ్లి ఆ సర్వీసు ఆఖరి లైను పట్టుకోవాలి.

డౌన్ ఎప్పుడు మొదలైందన్నదానికి మొదటి సాఫ్ట్ లైను తీసుకోండి. 4వ తేదీ లాగు ఇలా ఉండాలి:

[1751575080] సర్వీస్ అలర్ట్: భీమవరం-1;రిసీవర్;క్రిటికల్;సాఫ్ట్;1
[1751575140] సర్వీస్ అలర్ట్: భీమవరం-1;రిసీవర్;క్రిటికల్;సాఫ్ట్;2
[1751575200] సర్వీస్ అలర్ట్: భీమవరం-1;రిసీవర్;క్రిటికల్;హార్డ్;3
[1751579700] సర్వీస్ అలర్ట్: భీమవరం-1;రిసీవర్;ఓకే;హార్డ్;3

మొదటి లైను నుంచి ఆఖరి లైనుకి 4,620 సెకన్లు, 77 నిమిషాలు. హార్డ్ నుంచి కడితే 75. రెండు నిమిషాలేగా అనిపిస్తుంది, కానీ ప్రతి డౌన్‌కీ రెండేసి చొప్పున తగ్గుతుంది, అదీ ఎప్పుడూ మనకి అనుకూలంగానే. సాఫ్ట్ లైన్లు పడాలంటే కాన్ఫిగరేషన్‌లో లాగ్ సర్వీస్ రిట్రైస్ 1గా ఉండాలి.

ప్రతి సెకనూ నాలుగు గంపల్లో ఏదో ఒకదాంట్లోనే పడాలి: అప్, డౌన్, తెలియదు, మెయింటెనెన్స్. రిసీవర్ డౌన్ సమయాల్నీ, డేటాబేస్ డౌన్ సమయాల్నీ మొదలైన టైమ్ ప్రకారం వరుస పెట్టి, ఒకదాని మీద ఒకటి పడినవాటిని కలిపేసి, ఆ తర్వాత మెయింటెనెన్స్ భాగాన్ని కోసేయండి. చివర్లో నాలుగు గంపలూ కూడితే సరిగ్గా 26,78,400 రావాలి. ఒక్క సెకను తేడా వచ్చినా స్క్రిప్టులో తప్పుంది. ఈ ఒక్క పరీక్ష రాయకపోతే మిగతాదంతా బాగున్నా అంకెని నమ్మలేం.

మీ నెలకి ఇలా వస్తుంది. 18వ తేదీని ప్రస్తుతానికి పక్కన పెడితే, డౌన్: 77, మెయింటెనెన్స్ దాటిపోయిన 22, ఆపై 62. మొత్తం 161. మెయింటెనెన్స్ 120 తీసేస్తే లెక్కలోకి వచ్చే సమయం 44,520. తెలియనిది 390. ఆ 390 అంతా అప్ అనుకుంటే 99.64, అంతా డౌన్ అనుకుంటే 98.76. ఒప్పందం 99.5 ఈ రెంటి మధ్యలో పడింది. అంటే ఆ రాత్రి ఏం జరిగిందో తేల్చకుండా నెల పాసైందో ఫెయిలైందో చెప్పలేం. 18వ తేదీ సంగతీ అంతే. దాన్నీ డౌన్‌లో కలిపితే మిగతాదంతా బాగున్నా 99.5 తప్పిపోతుంది.

──────

జవాబు 2 | లాకుల_రేవు

గౌతమి గారి లెక్కకి నాదొక చేర్పు. ఆ 390 నిమిషాల హద్దులే ముందు సరిచూడాలి, మాస్టారూ.

ఆఖరి లైను 22:40 అన్నారు. అది రిటెన్షన్ డేటా ఆటో సేవ్ లైనేమో (నేగియోస్ తన స్టేట్‌ని దాచుకున్నప్పుడు రాసేది) చూడండి. నేగియోస్ డిఫాల్ట్‌గా 60 నిమిషాలకోసారి ఆ లైను రాస్తుంది. అంటే 22:40 దాకా బతికుందని ఖాయం, ఆ తర్వాత 23:39 దాకా ఎప్పుడైనా పోయి ఉండొచ్చు. ఆధారం లేని సమయాన్ని తెలియదులోనే ఉంచాలి కాబట్టి 22:40 పెట్టడం సరైనదే.

లేచిన టైమ్ 05:10 దగ్గర ఇంకా జాగ్రత్త. పై 4లో గడియారం చిప్పు ఉండదు. కరెంటు పోయి వచ్చాక, ఆగిపోయే ముందు ఫైల్లో దాచుకున్న పాత టైమ్‌తోనే లేస్తుంది. నెట్ దొరికి టైమ్ సరిదిద్దుకునేలోపే నేగియోస్ మొదలైతే లాగులో 22:40 లైను కింద 22:17 లైను కనబడుతుంది. వ్యవధి మైనస్‌లోకి పోతుంది, ఆక్ స్క్రిప్టు దాన్ని మొత్తం లోంచి నిశ్శబ్దంగా తీసేస్తుంది. ఆ లైన్ల తర్వాత "సిస్టమ్ టైమ్ మారింది, సర్దుబాటు చేస్తున్నాం" అనే హెచ్చరిక ఉంటే, దాని టైమే నిజమైన టైమ్. దానికి ముందున్న తప్పుడు టైమ్ లైన్లు తీసి పక్కన పెట్టండి.

దీనికి శాశ్వత మందు డీఎస్3231 గడియారం మాడ్యూల్, ఒక సీఆర్2032 బటన్ సెల్. ఏడాదికి నిమిషం అటూ ఇటూగా నిలబడుతుంది. పై 5లో గడియారం బోర్డు మీదే ఉంటుంది, కానీ బ్యాటరీ విడిగా కొని పెట్టాలి, లేకపోతే దానిదీ ఇదే కథ. మాడ్యూల్ పెట్టినా క్రోనీ (నెట్ నుంచి టైమ్ సరిదిద్దే ప్రోగ్రామ్) నడపండి. టైమ్ కుదిరేదాకా నేగియోస్ మొదలు కాకుండా సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే భాగం) టైమ్ సింక్ టార్గెట్ తర్వాత పెట్టండి.

ఇక ఆ రాత్రి గురించి ఆధారం మీ దగ్గరే ఉందండి. 40 గేట్‌వేలు నిమిషానికోసారి పంపుతున్నాయంటే రిసీవర్ యాక్సెస్ లాగులో (వచ్చిన ప్రతి రిక్వెస్టునీ రాసే ఫైలు) నిమిషానికి 40 లైన్లు ఉండాలి. పై నిద్రపోయినా ఆ లాగు నిద్రపోలేదు. 22:40 నుంచి 05:10 వరకు నిమిషానికెన్ని లైన్లో లెక్కపెట్టండి. ఒక గేట్‌వే మాయమైతే ఆ చెరువు దగ్గర కరెంటో సిగ్నలో పోయినట్టు. నలభైకి నలభై ఒకే నిమిషంలో మాయమైతే తప్పు సర్వర్ వైపు. అప్పుడు సిస్టమ్‌డీ జర్నల్ (సర్వీసుల లాగు) తెరిచి ఆ టైమ్‌లో సర్వీసు ఆగిన, మొదలైన లైన్లు చూడాలి.

ఇక్కడొక మోసం ఉంది, తప్పకుండా చూసుకోండి. గేట్‌వేలు లైను లేనప్పుడు రీడింగులు దాచుకుని, లైను రాగానే పాత టైమ్‌లతో ఒక్కసారిగా పంపేస్తాయి. డేటాబేస్‌లో రీడింగ్ టైమ్ చూస్తే ఎక్కడా ఖాళీ కనిపించదు, అప్‌టైమ్ 100 అనిపిస్తుంది. రిక్వెస్టు సర్వర్‌కి చేరిన టైమ్ ప్రకారమే లెక్కపెట్టాలి.

18వ తేదీకీ ఇదే సాక్ష్యం. గేట్‌వేలు సిమ్ మీద వస్తాయి, పాలకొల్లు ఫైబర్‌తో వాటికి పని లేదు. 11:05 నుంచి 13:35 మధ్య వాటి లైన్లు మామూలుగా వస్తూ ఉంటే సర్వీసు ఉన్నట్టే. తెగింది చూసే కన్ను. దాన్ని డౌన్‌లో వేయకుండా "మానిటర్ దారి తెగింది" అని విడిగా చూపండి. ఇక మీదట తికమక రాకుండా నేగియోస్‌లో పాలకొల్లు ఫైబర్‌కి అవతలి కొసన ఉన్న నెట్ కంపెనీ రౌటర్‌ని భీమవరం హోస్టుకి పేరెంట్‌గా (దారిలో దానికి ముందుండే మిషన్‌గా) రాయండి. ఆ రౌటరే అందకపోతే హోస్టు డౌన్ అనకుండా అన్‌రీచబుల్ (దారి లేదు) అంటుంది.

──────

ఉప్పుటేరు_అడ్మిన్

ఇద్దరికీ ధన్యవాదాలండి. చూసినవి ఇవి.

22:40 లైను ఆటో సేవ్ లైనే. 05:10 దగ్గర సర్దుబాటు హెచ్చరిక ఉంది, దానికి ముందు 22:17 టైమ్‌తో నాలుగు లైన్లు ఉన్నాయి, తీసేశాను.

ఆ రాత్రి యాక్సెస్ లాగులో నిమిషానికి 37 నుంచి 40 లైన్లు వస్తూనే ఉన్నాయి, 03:31 నుంచి 03:53 వరకు మాత్రం ఒక్క లైనూ లేదు. జర్నల్‌లో సర్వీసు ఆగింది 03:31, మళ్లీ లేచింది 03:53. 18వ తేదీ పొద్దున్న అంతా లైన్లు మామూలుగానే ఉన్నాయి.

మరి 18వ తేదీని వదిలేయడం న్యాయమేనా? మనకి పనికొచ్చిన చోట ఒక లాగు, పనికిరాని చోట ఇంకో లాగు చూసినట్టు అవుతుందేమో అని సందేహం.

──────

జవాబు 3 | గౌతమి_ఎన్‌ఓసీ

సందేహం న్యాయమైనదే. అందుకే నియమం ముందు రాసుకుని, నెలంతటికీ ఒకేలా అమలు చేయాలి. ఇలా పెట్టండి: నేగియోస్ డౌన్ అన్నా, నేగియోస్ లేకపోయినా, యాక్సెస్ లాగుని అడుగుతాం, గేట్‌వేల్లో సగానికి పైగా ఆ నిమిషంలో చేరి ఉంటే రిసీవర్ అప్, ఒక్కటీ చేరకపోతే డౌన్, మధ్యలో ఉంటే మనిషి చూసి తేల్చాలి. అదే నియమం మీకు వ్యతిరేకంగానూ పనిచేసింది చూడండి. నేగియోస్‌కి తెలియని 22 నిమిషాల డౌన్‌ని బయటికి లాగింది అదే. డేటాబేస్‌కి మాత్రం యాక్సెస్ లాగు సాక్ష్యం చాలదు, దానికి దాని సొంత లాగు చూడాలి.

ఇప్పుడు తెలియనిది సున్నా అయింది. డౌన్ 77, 22, 62, 22, మొత్తం 183. 44,520లో 183 పోతే 99.59 శాతం. ఒప్పందం ప్రకారం 222.6 నిమిషాలు పోవచ్చు, కాబట్టి ఇంకా 39.6 మిగిలింది. పాసైంది.

అయితే ఈ 183లోనూ చెక్ వ్యవధి తాలూకు అటూ ఇటూ ఉంది. 4వ తేదీ 02:08కి మొదటి ఫెయిల్ కనబడింది, దానికి ముందు ఓకే కనబడింది 02:03కి. అసలు పోయింది ఆ ఐదు నిమిషాల్లో ఎప్పుడో. హార్డ్ అయ్యాక చెక్ మళ్లీ 5 నిమిషాలకోసారే కాబట్టి, 03:20కి ఇంకా డౌన్, 03:25కి ఓకే. అంటే ఆ డౌన్ 72 నుంచి 82 మధ్య. 13వ తేదీది 17 నుంచి 22, ఎందుకంటే మొదలు ఎలాగూ మెయింటెనెన్స్ లోపలే ఉంది. 22వ తేదీది 57 నుంచి 67. జర్నల్ నుంచి తీసిన 22 మాత్రం నికరం. అన్నీ కలిపితే 168 నుంచి 193, శాతాల్లో 99.57 నుంచి 99.62. చెడ్డ వైపు చూసినా 99.5 దాటింది కాబట్టి ధైర్యంగా రాయొచ్చు. ఆ చెడ్డ వైపు అంకె హద్దుకి కింద పడిన నెలలో మాత్రం పాసైందని రాయకూడదు.

5 నిమిషాల చెక్‌తో ఇంకో నష్టం ఏమిటంటే, నిమిషం పాటు పోయి వచ్చిన డౌన్ పట్టుబడే అవకాశం ఐదింట ఒకటే. మిగతా నాలుగూ లాగులోకే రావు. చెక్‌ని నిమిషానికి దించండి. రెండు సర్వీసులకి రోజుకి 2,880 చెక్‌లు, పై 4కి అది లెక్కలోది కాదు.

చిన్నవి రెండు. రోజువారీ శాతాలు తీసి 31తో భాగించొద్దు. 13వ తేదీకి లెక్కలోకి వచ్చేది 1,320 నిమిషాలు, మిగతా రోజులకి 1,440. నిమిషాలే కూడి, భాగహారం చివర్లో ఒక్కసారే చేయాలి. రెండోది, శాతం పక్కన నిమిషాలు తప్పకుండా రాయండి. 99.59 అంటే రైతుకి ఏమీ తెలియదు, 3 గంటల 3 నిమిషాలు అంటే వెంటనే తెలుస్తుంది.

──────

జవాబు 4 | చెరువుగట్టు

లెక్క బాగుందండి, కానీ ఆ 183 నిమిషాలు రోజులో ఎప్పుడు పడ్డాయో ఎవరూ అనలేదు. 02:08 నుంచి 03:25. 03:00 నుంచి 03:22. 03:31 నుంచి 03:53. 04:00 నుంచి 05:02. అన్నీ అర్ధరాత్రికీ ఆరింటికీ మధ్యే.

చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకి పోయేది సరిగ్గా ఆ వేళలోనే. పగలు నీటిలో పచ్చదనం ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది, మధ్యాహ్నం దాటాక అది ఎక్కువలో ఉంటుంది. సూర్యుడు దిగాక తయారీ ఆగుతుంది, రొయ్యలూ పచ్చదనమూ అడుగు మట్టీ కలిసి వాడుకోవడం మాత్రం తెల్లారేదాకా ఆగదు. ఏరేటర్ల కరెంటు పోయి అలారం రాని గంట రాత్రి నాలుగింటికి పడితే ఒకటి, పగలు రెండింటికి పడితే ఇంకొకటి. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్యలు ఒత్తిడిలో పడతాయి, ఇంకా దిగితే పైకి తేలే పరిస్థితి.

కాబట్టి నివేదికలో రెండో అంకె కూడా పెట్టండి. 00:00 నుంచి 06:00 మాత్రమే తీసుకుంటే నెలకి 11,160 నిమిషాలు. మెయింటెనెన్స్ 120 తీస్తే 11,040. డౌన్ 183 మొత్తం ఇందులోదే. 98.34 శాతం వస్తుంది. నెల మొత్తానికి 99.59, రైతుకి అవసరమైన వేళకి 98.34. రెండోది చూశాక మొదటిది చూసి సంతోషపడలేం.

13వ తేదీ మెయింటెనెన్స్ వేళ గురించి కూడా చెప్పాలి. రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా పెట్టడం బ్యాంకులకీ దుకాణాలకీ సరే, అక్కడ ఆ వేళ వాడేవాళ్లు ఉండరు. చెరువు సర్వర్‌కి అది తలకిందులు. ఒప్పందంలో మినహాయింపు ఉంది కాబట్టి ఆ రెండు గంటలు అంకెలో కనబడవు, కానీ అలారం లేని రాత్రి అలారం లేని రాత్రే. మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పెట్టండి. అదీ ఎండ ఉన్న రోజున. ముసురు పట్టిన రోజు పగలు కూడా ఆక్సిజన్ సరిగా లేవదు, జూలై ఆగస్టుల్లో ఇది మరీ ముఖ్యం. ముసురైతే పని వాయిదా వేసేయడమే.

సర్వర్ ఉన్నా లేకపోయినా మోగే సైరన్ ఒకటి గేట్‌వే దగ్గరే ఉండాలి. ఆక్సిజన్ హద్దు గేట్‌వేలోనే రాసిపెట్టి, రిలే ద్వారా గట్టు మీద హారన్ మోగేలా చేయొచ్చు. అది అప్‌టైమ్ లెక్కలోకి రాదు, పంటని కాపాడే లెక్కలోకి వస్తుంది.

──────

ఉప్పుటేరు_అడ్మిన్

ఇది అసలు తట్టనే లేదండి. రెండు అంకెలూ పెడతాను, మెయింటెనెన్స్ వేళ మార్పు కూడా రాసి పంపుతాను. చెక్ నిమిషానికి దించేశాను. నాలుగూ తెల్లవారుజామునే పడటానికి కారణం ఎక్కడ వెతకాలి? ఇంకోటి, పాలకొల్లుకి రెండో నెట్ లైను తీసుకుంటే మానిటర్ దారి బాగుపడుతుందా?

──────

జవాబు 5 | లాకుల_రేవు

13వ తేదీది మీరు చేసిందే, దాన్ని పక్కన పెట్టండి. మిగతా మూడూ మొదలైంది 02:08, 03:31, 04:00. రెండు మిషన్లలోనూ క్రాన్ జాబితా, సిస్టమ్‌డీ టైమర్లు (టైమ్ ప్రకారం తమంతట నడిచే పనులు) రెండూ తీసి రెండింటి నుంచి నాలుగింటి మధ్య ఏమున్నాయో చూడండి. డేటాబేస్ బ్యాకప్, లాగ్ రొటేషన్, ఆటోమేటిక్ అప్‌డేట్లు తరచుగా రాత్రి వేళకే పెట్టి ఉంటాయి. బ్యాకప్ ఫైలు అదే పార్టిషన్‌లోకి రాస్తుంటే డిస్క్ నిండి డేటాబేస్ రాయలేక ఆగుతుంది, పాత బ్యాకప్ చెరిగాక తనంతట తానే బాగైనట్టు కనిపిస్తుంది. జర్నల్‌లో ఆ మూడు టైమ్‌లకి పది నిమిషాల ముందు నుంచి చదవండి. "స్పేస్ లేదు" అన్న లైను ఉంటే డిస్క్. కెర్నెల్ మెమరీ చాలక ప్రాసెస్‌ని చంపిన లైను ఉంటే ర్యామ్. రెండూ లేకుండా సర్వీసు మర్యాదగా ఆగి మొదలైతే అప్‌డేట్ రీస్టార్ట్ చేసి ఉంటుంది. బ్యాకప్‌ని కూడా మధ్యాహ్నానికి మార్చి, వేరే డిస్క్‌లోకి రాయించండి.

రెండో లైను సంగతి. ఒక్కోటీ 99 శాతం ఉండే రెండు లైన్లు కలిపితే కాగితం మీద 99.99 వస్తుంది, ఒకటి పోవడానికీ రెండోది పోవడానికీ సంబంధం లేకపోతేనే. మన వైపు రెండు ఫైబర్లూ కాలవ గట్టు వెంట అవే స్తంభాల మీద వేలాడుతుంటాయి. తుఫాను గాలికి ఒక చెట్టు పడితే రెండూ ఒకేసారి తెగుతాయి, అప్పుడు ఆ 99.99కి అర్థం లేదు. రెండోది తీసుకునే ముందు స్తంభం నుంచి స్తంభానికి దాని దారి చూసి రండి. దారి వేరు కాకపోతే ఆ డబ్బుతో ఒక 4జీ డాంగిల్ తీసుకుని పైకి తగిలించడం మేలు. దానికీ హద్దుంది, కరెంటు ఎక్కువసేపు పోతే టవరూ ఆగుతుంది.

అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది, రెండో కన్ను పెట్టడం. భీమవరం, పాలకొల్లు రెండూ కాకుండా ఇంకో ఊళ్లో, ఇంకో లైను మీద, కాకినాడో రాజమండ్రో, చిన్న మిషన్ ఒకటి అదే చెక్ నిమిషానికోసారి చేసి లాగు రాస్తే చాలు. రెండు కళ్లూ డౌన్ అంటే డౌన్. ఒకటే అంటే దారి సమస్య, యాక్సెస్ లాగుతో తేల్చుకోవాలి.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పైలో నిమిషానికోసారి క్రాన్‌తో ఎపాక్ టైమ్‌ని సర్వర్‌కి ఒక చిన్న రిక్వెస్టుగా పంపించండి. పై తన కార్డులో రాసుకుంటే కరెంటు పోయినప్పుడు ఆఖరి లైన్లు కార్డుకి చేరకుండానే పోవచ్చు. సర్వర్ యాక్సెస్ లాగులో పడితే ఆ బెడద లేదు. ఈసారి ఇన్వర్టర్ దిగిపోయినా, పై ఏ నిమిషంలో పోయిందో గంట తేడాతో ఊహించాల్సిన పని ఉండదు.